మా కారు రేడియోలో చిటపట

ఎనభైల మొదట్లో, అనంతగిరి దగ్గర కాఫీ నర్సరీలో సూపర్‌వైజరుగా ఉన్న రోజుల్లో, ఊరు వదిలి వెళ్లిపోతున్న ఒక తోట యజమాని దగ్గర పాత కారు కొన్నాను. నిజం చెప్పాలంటే నాకు నచ్చింది కారు కాదు, అందులోని స్టీరియో. రేడియో, క్యాసెట్టు రెండూ పలికేవి. వెనక సీటు పైన రెండు స్పీకర్లు. "రేడియో కొంటే కారు ఊరికే ఇచ్చారా?" అని మా ఆవిడ దెప్పేది. బ్యాటరీ మాత్రం ముసలిది. ఘాటీలో చాలామందిలాగే నేనూ కారును పల్లం వైపు మొహం పెట్టి ఆపేవాణ్ని. దొర్లించి గేరు వేస్తే లేచేది. ఇంజను ఆపితే రేడియో కూడా గుటుక్కున మూగబోయేది.

వానలు మొదలయ్యాక, ముందు అద్దం కింద ఏరియల్ బిగించిన కన్నం గుండా నీళ్లు కారి మా ఆవిడ చీర మీద పడసాగాయి. నర్సరీలో సంచుల్లోకి మట్టి నింపే ఆడవాళ్లలో ఒకామె, పక్క కొండ మీది గూడెం మనిషి, నా అవస్థ చూసి, "గుగ్గిలం నూనెలో కరిగించి రాసీండి బాబూ. మా కుండ కారితే అదే రాత్తాం" అంది. సంతలో గుగ్గిలం కొన్నాను. ఏరియల్ విప్పి, కింద సైకిల్ ట్యూబు ముక్క పెట్టి, చుట్టూ గుగ్గిలం పూసి బిగించాను. ఆ తర్వాత చుక్క కారితే ఒట్టు. నా పనితనం గురించి వారం రోజులపాటు ఇంట్లో చెప్పుకున్నాను.

గుగ్గిలం సలహా చెప్పినామెకు మంచి గొంతు ఉండేది. ఆమె పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునేవారు. ఆ ఏడాది పట్నం నుంచి రేడియో వాళ్లు వచ్చి విని, ఆమెనూ మరో నలుగురినీ తీసుకెళ్లి పాట రికార్డు చేశారు. సరిగ్గా కలుపు తీసే రోజులవి. ఆమె ఊళ్లో లేని రెండు రోజులూ పొలం పనంతా ఆమె ముసలి అత్త మీద పడింది. ఆమె తిరిగొచ్చిన దగ్గరనుంచి అత్తది ఒకటే మాట: "పాడీసిందట. ఎవులిన్నారు?" గూడెంలో రేడియో లేదు. నా ట్రాన్సిస్టరు మా తమ్ముడు పట్టుకుపోయాడు. ఒకరోజు ఆమె నా దగ్గరికొచ్చి, "శనారం సాయంత్రం అయిదింటికి మా పాట ఏత్తారట బాబూ. మీ కారుల ఇనిపించాల. మా అత్త ఇనాల" అంది. అదెంత పని అన్నాను.

ఆ సాయంత్రమే చాలా రోజుల తర్వాత రేడియో పెట్టాను. అంతవరకు క్యాసెట్లతోనే సరిపోయింది. రేడియోలో మనిషి మాట వినబడితే ఒట్టు. ఆక్సిలేటరు తొక్కితే ఈల, తొక్కకపోతే పెనంలో ఆవాలు వేసినట్టు చిటపట. శనివారానికి అయిదు రోజులుంది.

మర్నాడు కొండ దిగి ఎస్.కోట వెళ్లాను. మెకానిక్కు డైనమోకు ఒక కండెన్సరు తగిలించాడు. ఈల పోయింది, చిటపట పోలేదు. ప్లగ్గుల వైర్లు కొత్తవి వేయించాను. పోలేదు. రేడియో వెనక ఎర్తు వైరు విప్పి, తుప్పు గీకి మళ్లీ బిగించాను. పోలేదు. నాకు ఒళ్లు మండి గురువారం డ్యాష్‌బోర్డు సగం ఊడదీశాను. ఏరియల్ వైరు పీకితే మాత్రం చప్పుడు మొత్తం ఆగింది, స్టేషనుతో సహా. అంటే దయ్యం వస్తున్నది ఏరియల్ దారినే అని తెలిసింది. అయినా ఏరియల్ కేసి చూడలేదు. అది నేను బిగించింది కదా. నా పని మీద నాకు అంత నమ్మకం.

శనివారం నాలుగున్నరకు కారు గూడెం ముందు వాలులో ఆపాను. ఇంజను నడుస్తూనే ఉంది. ఇరవైమంది చుట్టూ చేరారు. అత్త కొంచెం దూరంగా, కొంగు నడుముకు బిగించుకుని నిలబడింది. అయిదు కొట్టేసరికి ఎవరో మాట్లాడటం, దాని మీద చిటపట. "ఇదేనేటి నీ పాట?" అంది అత్త. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కోడలు నవ్వలేదు. తల దించుకుని బానెట్టు పక్కకు వచ్చి, ఏరియల్ దగ్గర చెయ్యి ఆన్చి నిలబడింది. నాకు చచ్చేంత సిగ్గేసింది.

అప్పుడే చప్పుడు ఆగిపోయింది. స్పీకర్లలోంచి ఆమె గొంతు, గదిలో కూర్చుని పాడుతున్నంత స్పష్టంగా వచ్చింది. ఆమె ఉలిక్కిపడి చెయ్యి తీసింది. మళ్లీ చిటపట. "తియ్యకమ్మా, చెయ్యి అలాగే ఉంచు" అని కేకేశాను. ఆమె చేతి లోహపు కడియం ఒక పక్క ఏరియల్ మొదలుకు, ఇంకో పక్క రంగు లేచిపోయిన రేకుకు తగులుతోంది. ఏరియల్ మొదలు కారు రేకును తాకితేనే దానికి ఎర్తు అందుతుంది; ట్యూబు ముక్కతోనూ గుగ్గిలంతోనూ నేను తెంపేసిన ఆ ఎర్తును ఆ కడియం కలిపింది. అయిదు రోజులుగా నేను వెతుకుతున్న దొంగను నేనే.

అందరూ కిటికీల్లోకి తలలు దూర్చారు. పాట పాడిన మనిషి మాత్రం బయట, ఇంజను మోత పక్కన, కదలకుండా వంగి నిలబడింది. కిటికీలన్నీ తలలతో మూసుకుపోయి ఆమెకు ఇక ఏమీ వినబడటం లేదని ఆమె మొహం చూస్తేనే తెలుస్తోంది. అత్త వచ్చి కోడలి చెయ్యి ఎలా ఉందో ఒక క్షణం పరీక్షగా చూసింది. తన కడియం ఆ పక్కనే ఆన్చి, కోడలి చెయ్యి మెల్లిగా తోసేసింది.

"నువ్వెల్లి లోపల కూకో. బేగెల్లు."

ఆమె వెనక సీట్లో, స్పీకరుకు చెవి ఆన్చినంత దగ్గరగా కూర్చుని తన పాట తను విన్నది. ఆ మొహం తలచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

మర్నాడు ట్యూబు ముక్క తీసేసి గుగ్గిలం గీకేశాను. రేడియో బాగుపడింది, మా ఆవిడ చీర మళ్లీ తడిసింది. కానీ ఆ సాయంత్రం పాట అయిపోయి, ఎరువుల గురించి ఎవరో చెప్పడం మొదలుపెట్టాక కూడా ముసలామె చెయ్యి తియ్యలేదు. పాట అయిపోయింది, తీసెయ్యమని చెప్పాను.

"ఉండు బాబూ, మళ్లీ ఏత్తారేమో" అంది.

నేను ఇంజను ఆపలేదు.