గుంత మీది కంప

నీళ్ళ పైపు కోసమని పొద్దున మా నంద్యాల ఇంటి ముందు నడుము లోతు గుంత తవ్విన పనివాళ్ళు అన్నానికని పోయి ఇంకా రాలేదు. అప్పటినుంచి నేను కాలుగాలిన పిల్లిలా వరండాకూ గేటుకూ తిరుగుతూనే ఉన్నాను. వకీలు వృత్తి మానేసి ఏళ్ళయినా, దారిలో గుంత కనబడితే నాకు మనసు నిలవదు.

మన కాలం వాళ్ళకు చెప్పక్కర్లేదు, గుంత తవ్వితే దానికడ్డంగా ఇంత తుమ్మకంప పడేయడం మన వైపు మర్యాద. కంప తీసేశారంటే పూడ్చేశారన్నమాట. మా మేనమామ దగ్గర జూనియరుగా చేరిన కొత్తలో ఆయన టార్టుల చట్టాన్ని, అంటే ఒకరి తప్పుకు దెబ్బతిన్నవాళ్ళకు పరిహారమిప్పించే చట్టాన్ని, నాలుగు ప్రశ్నల్లో నేర్పాడు: జాగ్రత్తగా ఉండాల్సిన బాధ్యత ఉందా, అది తప్పాడా, ఆ తప్పు వల్లే దెబ్బ తగిలిందా, దానికి పరిహారమేమిటి. దెబ్బతిన్నవాళ్ళ అజాగ్రత్త ఎంత అనే ఐదోది కూడా ఉంది. మన కక్షిదారు గుంత తవ్వినవాడైతే దాన్నే పట్టుకో అనేవాడు.

నా మొదటి కేసులో అట్లాగే పట్టుకున్నాను. ఆళ్ళగడ్డలో రాతి శిల్పాల షెడ్డు యజమాని మా కక్షిదారు. లారీకి రాళ్ళెక్కించడానికని ఆయన దారి పక్కన తవ్వించిన గుంతలో, పెరుగు అమ్ముకుని నెత్తిన గంపతో తిరిగొస్తున్న ఒకామె పడి, కుడిచెయ్యి విరిగి, దావా వేసింది. రోజూ పోయే దారేగా, గుంత ఉందని తెలియదా అని బోనులో ఆమెను గద్దించాను.

"తెల్సప్పా. పొద్దున కంప ఉండె. మళ్ళొచ్చేతలికి ల్యాకపాయ. పూడ్చినారేమో అనుకుంటి," అంది.

కంప ఎవరు తీశారో నాకు తెలుసు. "లారీ రావల్లని నేనే తీస్తినప్పా, మళ్ళా ఎయ్యడం మర్సిపోతి," అని యజమాని మా ఆఫీసులోనే చెప్పాడు. ఆ మాట బయటపెట్టే హక్కు వృత్తిరీత్యా నాకు లేదు, నిజమే. కానీ ఆమెను అంతగా గద్దించమని ఏ చట్టమూ చెప్పలేదు. తీసింది మావాడేనని ఆమె రుజువు చేయలేకపోయింది, మేం గెలిచాం, మామ నా భుజం తట్టాడు. కోర్టు మెట్లు దిగుతూ ఎడమచేత్తో కొంగు సర్దుకోలేక ఆమె అవస్థపడుతుంటే చూశాను. సిగ్గేసింది, ఇప్పటికీ వేస్తుంది. ఆమె మళ్ళీ గంప ఎత్తుకోలేదని తరువాత విన్నాను.

ఇందాక ఉండబట్టలేక పెరట్లో నిమ్మకొమ్మ నరికి గుంత మీద వేసి వచ్చాను. చేతులు గీరుకుపోయాయి. పది నిమిషాలు కాలేదు, పక్కింటి కోడలు "ఈడ చెత్త ఎవరేసినారు తాతా?" అంటూ దాన్ని తీసి అవతల పారేసింది. ఆ పిల్లను ఏమనగలను? కంప చెప్పే మాట ఇప్పుడెవరికీ తెలియదు. అందుకే కుర్చీ తెచ్చుకుని గుంతకు అడ్డంగా నేనే కూర్చున్నాను.