ఎదురింటి ఫ్రిజ్

నాది మొదటి నుంచీ అనుమానపు బుద్ధి. పాలామె అటు పోగానే గిన్నెను వెలుతురులో పెట్టి చూస్తాను. గ్యాస్ బండ తెచ్చిన మనిషి ముందరే సీలు తడిమి చూస్తాను. "నీకు నీ నీడ మీద గూడ నమ్మకం లేదు పిల్లా" అని మా అత్తమ్మ ఎగతాళి చేసేది. నేను దానికి జాగ్రత్త అని పేరు పెట్టుకున్నాను. ఆ ఎండాకాలం గాలిదుమారం వచ్చేదాకా ఆ పేరుతోనే నెట్టుకొచ్చాను.

చౌటుప్పల్ నుంచి లోపలికి పోతే మా ఊరు. సగం ఇళ్లలో ఇంకా మగ్గాలు ఆడుతున్నాయి. మా ఆయన ఫ్యాక్టరీ పనికి పోతాడు కాబట్టి మా ఇంట్లో మగ్గం అత్తమ్మదే. దుమారం వచ్చిన సాయంత్రం గంటసేపు గాలి ఊరిని పట్టుకొని ఊపింది. ఇళ్ల మీది రేకులు లేచిపోయాయి, స్తంభాలు ఒరిగిపోయాయి, ఒక పెద్ద వేపచెట్టు తీగల మీదే కూలింది. మర్నాడు పొద్దున లైన్‌మన్ వచ్చి తల పైకెత్తి చూసి, "రెండు మూడు దినాలు వడ్తది" అని చెప్పి వెళ్లిపోయాడు. రోడ్డు మీద చెట్లు పడ్డాయని మా ఆయన ఫ్యాక్టరీ దగ్గరే ఉండిపోయాడు. ఫోన్లలో చార్జింగ్ అయిపోయింది. బోరు ఆడక, నీళ్లకోసం చేతిపంపు దగ్గర బిందెలు బారులు తీరాయి.

అత్తమ్మకు ఇవేం పట్టలేదు. "మగ్గానికి కరెంటెందుకు" అని మగ్గం గుంటలోకి కాళ్లు దించి నేసుకుంటూ కూర్చుంది. నా దిగులంతా ఆమె సూది మందు గురించి. ఆమెకు షుగర్. తిండికి ముందు రెండు పూటలా సూది పడాలి. కిందటేడు మందు చెడిపోయిన సంగతి తెలియక అదే పొడుచుకుంటే, మూడో రోజు కళ్లు తిరిగి నేస్తున్న చీర మీదికే ఒరిగిపోయింది. దవాఖానలో డాక్టరమ్మ నన్ను నిలబెట్టి మరీ చెప్పింది, వేడి తగిలితే అది మందు కాదు, నీళ్లే అని. ఇప్పుడు ఫ్రిజ్‌లో రెండు సీసాలున్నాయి. ఆ ఫ్రిజ్ చల్లబరచడం మానేసి ఇనప్పెట్టెలా వేడెక్కుతోంది. ఊళ్లో ఉన్న ఒక్క మందుల దుకాణానికీ కరెంటు లేదు. అక్కడి సరుకు మీద నాకు అసలే నమ్మకం లేదు.

ఆ మధ్యాహ్నం ఎదురు వరస ఇళ్లకు కరెంటు వచ్చింది. మాకు రాలేదు. మా గడపకు ఎదురుగా ఉండే ముస్లిం కుటుంబం ఇంట్లో ఫ్యాను గిరగిరా తిరుగుతుంటే చూసి నా కడుపు మండింది. ఆ ఇంటాయన మోటార్లు బాగుచేస్తాడు, తీగల పని తెలిసినవాడు. పొద్దున లైన్‌మన్‌కు చాయ్ ఇచ్చింది కూడా వాళ్లే. ఇంకేముంది, లైన్‌మన్‌ను పట్టుకొని కరెంటు తమకే తిప్పుకున్నారని, అన్నీ కలిపి నేనే ఒక లెక్క తేల్చేశాను. వాళ్ల వరసకు లైను వేరే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వస్తుందని తరువాత తెలిసింది. అప్పుడు ఎవరైనా చెప్పినా నమ్మేదాన్ని కాదు.

పొద్దు గూకే ముందు ఆ ఇంటామె మా వాకిట్లోకి వచ్చింది. నన్ను చెల్లె అంటుంది, నేను అక్కా అంటాను. పన్నెండేళ్లుగా మా వంటింట్లోకి నేరుగా వచ్చి కొత్తిమీర తీసుకుపోయే చనువున్న మనిషి.

"చెల్లె, అమ్మ మందు మా ఫ్రిజ్‌ల పెడ్తా, ఇయ్యరాదు. మీ తాన ఎన్ని సీసలున్నయి?"

ఎన్ని ఉన్నాయని ఎందుకు అడుగుతోంది? వాళ్ల అత్తకూ షుగరే, అదే మందు. "అవసరం లేదక్కా, మాది ఇంకా చల్లగనే ఉంది" అన్నాను. మగ్గం మీద ఉన్న అత్తమ్మ తలెత్తి నా వైపు చూసింది.

మర్నాడు పొద్దున అత్తమ్మ సూది పొడుచుకొని, ఇంత తిని, ఇంటి రేకులు ఎగిరిపోయిన తన చెల్లెలిని చూసొస్తానని ఊరి ఆ చివరకు పోయింది. నేను మగ్గం అర్రలో నా రోజువారీ పని చేశాను. మగ్గం గుంటలో ఓ మూల ఇసుక పోసి దాంట్లో కుండ పెడతాం. నూలు చుట్టిన కండెలు ఆ కుండలో ఉంటాయి. ఎండకు నూలు ఎండిందా పుటుక్కున తెగుతుంది. అందుకే కుండ మీద గోనెసంచి కప్పి పొద్దునే నీళ్లు చల్లాలి. చల్లాను. తలుపు దగ్గరకు వేసి, బిందె తీసుకొని చేతిపంపుకు పోయాను.

తిరిగొచ్చి ఫ్రిజ్ తెరిస్తే సీసాలు లేవు. వాటి స్థానంలో ఒక స్టీలు గిన్నె, దాని నిండా ఐసు ముక్కలు ఉన్నాయి. ఆ గిన్నె ఎవరిదో నాకు తెలుసు.

అటక మీద, బియ్యం డబ్బాలో, దేవుడి గూట్లో, అత్తమ్మ దిండు కింద వెతికాను. అత్తమ్మను అడుగుదామంటే ఫోను చచ్చిపోయి ఉంది. ఆమె చెల్లెలి ఇంటిదాకా పోయి అడగవచ్చు. కానీ అడగవలసిన పని ఏముంది, గిన్నె కళ్ల ముందే ఉంటే? నేను లేనిది చూసి వచ్చింది, ఐసు పెట్టడం ఒక వంక, మందు ఎత్తుకుపోయింది. సాయంత్రానికి అత్తమ్మకు సూది లేదు. ఆ గిన్నె పట్టుకొని ఎదురింటికి పోయాను.

"అక్కా, మా అత్తమ్మ మందు మీ ఫ్రిజ్‌ల ఉన్నదా?"

"లేదు చెల్లె. నువ్వు ఇయ్యనంటివి గద. అందుకే ఐసన్న పెట్టి వచ్చిన. మందు కనవడకపోతే, నువ్వే యాడనో పెట్టినవనుకున్న."

"ఒక్కసారి చూస్తే ఏమైతది?"

ఆమె నా ముఖంలోకి చూసింది. తరువాత ఫ్రిజ్ తలుపు పూర్తిగా తెరిచి, లోపలివి ఒక్కొక్కటే తీసి గచ్చు మీద పెట్టింది. మా వరసలో ఏడిళ్ల పాల ప్యాకెట్లు, ఎవరివి వారికి దారం కట్టినవి. దోసెల పిండి. పురుడు పోసుకున్న ఒకామె బిడ్డకు వేసే చుక్కల మందు. అందరూ ఆమె దగ్గర పెట్టుకున్నారు, నేను తప్ప. చివరకు ఒక సూది మందు సీసా తీసింది.

"గిది మా అత్తది. సదువుకో."

నేను చదివాను. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లంతా చీమలు పాకినట్టుంటుంది. సీసా మీది అక్షరాలు కూడబలుక్కొని చదివాను, తారీఖు చూశాను, మూత తిప్పి చూశాను. మావి రెండూ దాదాపు నిండువి, ఇది అడుగంటింది.

"తీస్కపో" అన్నదామె. "ఇయ్యాల్టికి అమ్మకు సరిపోతది."

దొంగ కాకపోతే ఎందుకిస్తుంది అనుకున్నాను. అనుకొని, ఆ సీసా తీసుకొనే వచ్చాను.

ఎండ తగ్గుతుండగా అత్తమ్మ వచ్చింది. నేను ఆవేశంగా జరిగిందంతా చెప్పి సీసా చేతిలో పెట్టాను. ఆమె మగ్గం అర్రలోకి పోయి, గుంటలోకి దిగి, తడి గోనెసంచి తీసి, కండెల మధ్య నుంచి మూత బిగించిన డబ్బీ పైకి తీసింది. డబ్బీ నా చెంపకు ఆనించింది. చల్లగా ఉంది.

"కండెలు సల్లగుండంగ మందు సల్లగుండదా? ఫ్రిజ్‌ల ఉడుకుతాందని పొద్దుగాలనే ఈడ పెట్టిన. నువ్వు రోజు నీళ్లు సల్లేదే గద, సూస్తవనుకున్న."

నేను నీళ్లు చల్లింది ఆ మందు మీదే. నేనూ మగ్గం నేసే సాలోళ్ల ఇంట్లోనే పుట్టినదాన్ని. ఎండాకాలం ఇంట్లో అన్నిటికన్నా చల్లటి తావు ఏదంటే నిద్రలో లేపి అడిగినా మగ్గం గుంట అని చెప్పేదాన్ని. ఇల్లంతా గాలించాను కానీ అక్కడ చెయ్యి పెట్టలేదు. ఎవరు ఎత్తుకుపోయారో ముందే తేల్చుకున్నదానికి గుంట ఎందుకు గుర్తుకొస్తుంది?

అత్తమ్మ ఆ అడుగంటిన సీసా ఎత్తి చూసింది. "మరి వాళ్లత్త ఏం పొడుసుకుంటదే ఇయ్యాల?"

ఆ ప్రశ్న అప్పటిదాకా నాకు తట్టనే లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. పరుగున పోయి సీసా ఇచ్చాను, తప్పయిందక్కా అన్నాను, ఏడ్చాను కూడా. ఆమె సీసాను ఫ్రిజ్‌లో పెట్టి, "అమ్మది దొర్కింది, గంతే సాలు" అన్నది. కోపంగా అనలేదు. కోప్పడితే బాగుండేది.

మాకు కరెంటు మర్నాడు వచ్చింది. ఇది జరిగి ఐదేళ్లయింది. వాళ్ల పండుగకు మాకు సేమియా వస్తుంది, మేము బతుకమ్మకు సత్తుపిండి ఇస్తాం, మాటలకేం తక్కువ లేదు. కొత్తిమీర కోసం ఆమె ఇప్పటికీ వస్తుంది. కాకపోతే గడప అవతలే నిలబడి "చెల్లె" అని పిలుస్తుంది. లోపలికి రా అక్కా అంటే, చెప్పులు విడవాలని ఒకసారి, చేతులు తడిగున్నాయని ఒకసారి అంటుంది. నేను పనిలో ఉండి ఆలస్యం చేస్తే, వచ్చేదాకా అక్కడే నిలబడి ఉంటుంది.