ఊపిరి గీతలు

మా సారు పోయారని హోసూరు నుంచి ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నేను క్లాసులో ఉన్నాను. పరిశోధన ఎలా రాయాలో పిల్లలకు చెబుతున్నాను. ఆయన దగ్గర నేర్చుకున్న పాఠమే. నేర్చుకుని, తప్పిన పాఠం. ఆ సంగతి ఇన్నాళ్ళకు మీ ముందు ఒప్పుకుంటున్నాను.

తొంభైల్లో నేను సంగీతంలో ఎం.ఫిల్. చేస్తున్నప్పుడు ఆయన నా గైడు. మూకండపల్లిలో వాళ్ళ వరండాలో కూర్చుని అట్టముక్కల మీద వివరాలు రాసేవాళ్ళం. విన్నది ఒక కట్ట, చదివింది ఒక కట్ట. రెండూ కలిశాయా, ఆయనకు ఒళ్ళు మండేది. "విన్నదే విన్నట్ల రాయమ్మా. విన్లేదని రాసేకి సిగ్గెందుకు?" అనేవారు.

నాది నాట్ల పాటల మీద పరిశోధన. స్వరాల కింద, పాడే మనిషి ఊపిరి తీసుకున్న చోటల్లా చిన్న గీత పెట్టాలని ఆయన పట్టు. సామల్పట్టిలో నాటు వేస్తూ పాడే అవ్వ ఒకామె ఉందని తెలిసి, వస్తానని కబురు కూడా పంపాను. తీరా వానకు జడిసి పోలేదు. మా పిన్ని వంటింట్లో పాడిన పాటకు స్వరాలు రాసి, 'సామల్పట్టి అవ్వ నాటు వేస్తూ పాడగా విన్నది' అని రాసేశాను.

ఆయన ఆ పేజీ చాలాసేపు చూశారు. "గీతలన్నీ పాదం చివరే ఉండాయే" అన్నారు, అంతే.

వారం తర్వాత నా చేతిలో క్యాసెట్ పెట్టారు. మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కలేని మనిషి, రైలెక్కి సామల్పట్టి పోయి వచ్చారు. "విన్నానని రాసినావు గదమ్మా. ఇప్పుడన్నా విను. విని దిద్దు."

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మొహం చెల్లక ఆ క్యాసెట్ పెట్టనేలేదు. "దిద్దినావా?" అంటే "దిద్దినాను సార్" అన్నాను. పేజీ తిప్పకుండా సంతకం పెట్టారు. ఆ సంతకంతోనే నాకీ ఉద్యోగం.

ఆయన దినానికి పోయి ఇంటికొచ్చి క్యాసెట్ వెతికి పెట్టాను. ముందు బురదలో కాళ్ళ చప్పుడు. తర్వాత అవ్వ గొంతు: "పాటలు రాసుకునే పాప వస్తానన్నెంట, యాడప్పా?"

"దానికి జరమమ్మా. నన్ను పంపించింది" అన్నారు మా సారు.

అట్టముక్క మీద అబద్ధాన్ని సహించని మనిషి!

పాట మొదలైంది. అవ్వ వంగి వెనక్కి అడుగేసినప్పుడల్లా, మాట సగంలోనే ఊపిరి. ఆ వెంటే, ఆమె పక్కన బురదలో నడుస్తున్న మా సారు ఆయాసం. పాత పేజీ ముందు పెట్టుకున్నాను. అవ్వ ఊపిరికి ఒక గీత, ఆయన ఊపిరికి ఒక గీత పెడుతూ పోయాను.