కొండ మీదికి మోసిన నీళ్లు

నా చిన్నప్పుడు నాకున్నంత తలపొగరు మా మొగల్తూరు చుట్టుపక్కల ఇంకెవరికీ ఉండేది కాదు. పదేళ్లకే నాకు కొండలంటే చులకన, కొండల్లో ఉండేవాళ్లంటే ఇంకా చులకన. కాలవ పక్కన పుట్టినదాన్ని కదా, నీళ్లు దొరకని చోటు కూడా ఒకటుంటుందని తట్టేదే కాదు.

మా మామ్మ, అంటే మా నాన్నను కన్నతల్లి, ఏటా ఎండాకాలంలో ఎండుచేపలు అమ్ముకోవడానికి పాపికొండల వైపు వెళ్లేది. లాంచీ దిగాక గోదారి రెండుగా కోసిన ఆ కొండల అంచున రెండు రోజుల నడక, రాత్రికి ఏదో గూడెం దగ్గర చెట్టుకింద పడక. ఆ ఏడు నేను ఏడ్చి మొత్తుకుంటే వెంట తీసుకెళ్తానంది. ఎవరి మూట వాళ్లే మొయ్యాలని మాత్రం ఖండితంగా చెప్పింది.

ఆవిడ సర్దుడు చూస్తే నాకు నవ్వొచ్చింది. దుప్పటి, కత్తి, అగ్గిపెట్టె, ఉప్పు, అటుకులు సరే. ఆపైన ఇద్దరికీ చెరో ఎండిన ఆనపబుర్ర, నిండా నీళ్లు. పక్కన అంత గోదారి పెట్టుకుని నీళ్లు మోసేవాళ్లను ఏమనాలి? ముసలిదానికి మతి పోయిందనుకున్నాను. లాంచీ దిగాక ఆవిడ అటు తిరగ్గానే నా నీళ్లు ఒంపేసి, ఖాళీది ఊపుకుంటూ నడిచాను. ఆవిడ చూసిందని నాకు తెలీదు.

మధ్యాహ్నానికి కొండ నెత్తికెక్కాం. కింద గోదారి మెరుస్తూనే ఉంది. దిగుదామంటే మేక కూడా జంకే నిట్టనిలువు చరియ. నాలుక పిడచకట్టుకుపోయి, కూలబడి ఏడ్చాను. మామ్మ తాపీగా ఎదురుగా కూర్చుంది.

"అదుగో, అంత గోదారి. కళ్లతో తాగవే," అంది. అంత ఈసడింపు మళ్లీ ఎవరి నోటా వినలేదు.

అని, తన నీళ్లు నా నోటికందించింది. సగం కాగానే లాక్కుంటుందనుకున్నాను. లాక్కోలేదు. నేనూ ఆగలేదు, చివరి చుక్కదాకా తాగేశాను. నీకో అని అడగనైనా లేదు, అంత సిగ్గులేనిదాన్ని. సాయంత్రం గూడెం చేరేసరికి ఆవిడ పెదాలు పగిలి, నోట మాట పెగల్లేదు. నేను చులకన చేసిన ఆ కొండవాళ్లే తలకింద చెయ్యిపెట్టి ఆవిడకు నీళ్లు పట్టారు.

మొన్న మా మనవరాలు ఇక్కడ రాజమండ్రిలో ఆ కొండలకే ట్రెక్కింగని సంచి సర్దింది. అడుగులు లెక్కపెట్టే వాచీ, మడతకుర్చీ, వెదురుపొదల్లోకి వెళ్తూ డబ్బుపోసి కొన్న చేతికర్ర! నీళ్ల సీసా మాత్రం అరచెయ్యంత. అదేంటే అంటే, "పక్కనే గోదారి కదా మామ్మా," అంది. ఆ పొగరు అచ్చంగా నాదే. కుర్చీ అవతల పారేసి రెండు పెద్ద సీసాలు కుక్కాను. రెండెందుకని విసుక్కుంది. మీ గుంపులో నాలాంటి మూర్ఖురాలు ఒకతైనా ఉంటుంది, రెండోది దానికన్నాను.

నేనిప్పటికీ పక్కవీధికెళ్లినా సీసా పట్టుకెళ్తాను. ఎంత దాహమేసినా సగం దగ్గర నా చెయ్యి ఆగిపోతుంది. ఆ రోజు ఆగాల్సిన చెయ్యి.