గేటు దగ్గర దూది పలక

మొన్న అద్దంకి దాటాక రోడ్డు మరమ్మతు జరుగుతున్న చోట మా బస్సు ఆగింది. ముందు ఒక లారీ ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. రోడ్డు వారన కల్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. కిటికీలోంచి డీజిలు పొగా, మిరప ఘాటూ కలిసి ఒకేసారి లోపలికొచ్చాయి. బస్సులో సగం మంది దగ్గారు. నా పక్కనున్న పెద్దాయన కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని లారీ డ్రైవరును తిట్టడం మొదలుపెట్టాడు. నాకు మాత్రం ఆ వాసనకి కామేశ్వరి గారు గుర్తొచ్చారు. గుప్పిట్లో తెల్లటి దూది పట్టుకుని, ఎండలో, తొందర లేకుండా లారీ వెనక్కి నడిచి వెళ్తున్న ఆవిడ నడక గుర్తొచ్చింది.

తొంభైల చివర నేను గుంటూరులో ఒక దినపత్రికకి విలేకరిగా పనిచేసేవాణ్ణి. స్కూటరు మీద పల్లెలు తిరగడం నా ఉద్యోగం. ప్రత్తిపాడు వైపు రోడ్డు పక్కన ఒక జిన్నింగు మిల్లు ఉండేది. రైతులు తెచ్చిన పత్తిలోంచి గింజ తీసి, దూదిని బేళ్ళుగా బిగించి, తమిళనాడులోని నూలు మిల్లులకు పంపేవారు. ఆ బేళ్ళు మోసే లారీలను మాట్లాడటం, కిరాయి కుదర్చటం, లోడు ఎత్తించి పంపటం కామేశ్వరి గారి పని. బడిపంతులు గారి కూతురు. లెక్కలు రాయడానికి మిల్లులో చేరి, ఆ పనిలోకి వచ్చారు. లారీల వాళ్ళతో బేరాలంటే గొంతు పెద్దది కావాలంటారు. ఆవిడ గొంతు పెంచి మాట్లాడటం నేను వినలేదు. ఎదుటివాడు అరిచి అరిచి అలిసిపోయేదాకా ఆగి, మొదట చెప్పిన మాటే మళ్ళీ చెప్పేవారు.

మిల్లు గోడకి ఆనుకునే మిరప కల్లాలు. సీజనులో లోడు కోసం వచ్చిన లారీలు ఇంజన్లు ఆపకుండా గంటల తరబడి వరసలో నిలబడేవి. ఒకరోజు కల్లంలో పనిచేసే రత్తమ్మ అనే ఆవిడ ఒడి నిండా మిరపకాయలు తీసుకుని నేరుగా ఆఫీసు గదిలోకి వచ్చిందట. ఒక కాయ తీసి, బల్ల మీద నమూనాకి ఉంచిన దూది మీద రుద్దింది. నల్లటి చార పడింది. "మీ బేళ్ళు తెల్లగా పోతన్నయ్. మా కాయలే నల్లబడతన్నయ్. మా గుండెకాయలు ఎట్టున్నాయో ఎవురు చూడొచ్చారు?" అని అడిగి, కాయలు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. ఈ సంగతి కామేశ్వరి గారే నాకు తర్వాత చెప్పారు. ఆ కాయల్ని పారేయబుద్ధి కాలేదన్నారు. ఆ దూదినీ పారేయలేదు.

మర్నాటి నుంచి గేటు దగ్గర కొత్త పద్ధతి వచ్చింది. లోడుకొచ్చిన ప్రతి లారీ వెనకా ఆవిడ నిలబడేవారు. కర్ర కొసకి గుప్పెడు దూది కట్టి సైలెన్సరు ముందు పెట్టేవారు. డ్రైవరు యాక్సిలరేటరు తొక్కాలి. ఆ దూదిని గేటు పక్కన చెక్క పలకకి మేకుతో కొట్టి, కింద సుద్దముక్కతో లారీ నంబరు రాసేవారు. తెల్లగా ఉన్నవాడికి ముందు లోడు. నల్లగా ఉన్నవాడికి ఆరోజు లోడు లేదు. అలాగని వాణ్ణి తరిమేసేవారు కాదు. "డీజిలు పంపు, నాజిళ్ళు బాగు చేయించుకుని రావయ్యా. సీజను అయ్యేదాకా నీ బండికే లోడు ఇస్తాను" అని మాటిచ్చేవారు. ఒక్క ట్రిప్పు కోసం ఎవడూ బండి బాగు చేయించుకోడనీ, సీజనంతా పని ఉంటుందంటే చేయించుకుంటాడనీ ఆవిడ నమ్మకం. వరసలో ఉన్నంతసేపూ ఇంజన్లు ఆపాల్సిందే. డ్రైవర్లు మొదట నవ్వుకున్నారు. తర్వాత పలక ముందు చేరి ఒకరి దూది ఒకరు చూసుకోవడం మొదలైంది. "ఏరా, నీ దూదేంట్రా మీ మావ మీసంలా ఉంది?" అంటే, "మా మావ రంగేస్తాడ్రా, నాది అసలు నలుపు" అనేవాడు రెండోవాడు.

అయితే నలుపు వచ్చినవాళ్ళే ఎక్కువ. లారీల యజమానుల్లో కోటయ్య మాట చెల్లేది. సొంతంగా నాలుగైదు బళ్ళున్నవాడు, నోరున్నవాడు. ఆయన బండి దూది రెండుసార్లు నల్లగా వచ్చేసరికి, పలక తీసేదాకా ఆ మిల్లుకి ఎవరూ లారీ పెట్టొద్దని అందరికీ చెప్పాడు. బేళ్ళు ఆవరణలో పేరుకుపోయాయి. పైన మబ్బు పట్టింది. తడిస్తే దూది పనికిరాదు. మిల్లు యజమాని ప్రసాద్ గారు, సాయంత్రంలోగా పలక తీసేయమనీ, లేకపోతే ఉద్యోగం వదులుకోమనీ ఆవిడకి చెప్పేశారు. ఆ వార్త రాయడానికే నేను వెళ్ళాను. కామేశ్వరి గారిని చూడటం నాకదే మొదటిసారి.

గేటు దగ్గర లారీల వాళ్ళంతా గుమిగూడి ఉన్నారు. కోటయ్య చేతిలో పొల్యూషన్ సర్టిఫికెట్టు ఊపుతున్నాడు.

"గవర్నమెంటోళ్ళకి లేని బాధ మీకేందమ్మగారూ? లారీ నాది. పొగ నాది. మీకెందుకు?" అన్నాడు.

"లారీ నీదే కోటయ్యా" అన్నారు కామేశ్వరి గారు. "కిరాయి నాది. కిరాయిచ్చి రమ్మన్నది నేను. నేను పిలవకపోతే ఆ పొగ ఈ కల్లం మీదికి వచ్చేదా? అందుకని అది నాది కూడా."

నేను నోట్సు రాసుకుంటున్నాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఆ రోజుల్లో అది మామూలే. ఒక నిమిషం తర్వాత మిల్లు వెనక జనరేటరు మొదలైంది. దాని పొగగొట్టంలోంచి నల్లటి పొగ గుప్పుమని లేచి, గోడ దాటి, కల్లం మీదికే వాలింది. లారీల వాళ్ళు విరగబడి నవ్వారు.

కోటయ్య నవ్వలేదు. "మరి దానికి ఎవరు పెడతారమ్మా దూది?" అని అడిగాడు.

కామేశ్వరి గారు ఆ పొగ వైపు చూశారు. ఏదో ఒక సమాధానం చెబుతారనుకున్నాను. నా పెన్ను సిద్ధంగా ఉంది. ఆవిడ కర్ర తీసుకున్నారు, కొత్త దూది కట్టారు, కొంగు బొడ్లో దోపుకుని జనరేటరు షెడ్డు వైపు నడిచారు. మేమంతా వెనకే వెళ్ళాం. షెడ్డు పక్కన ఇనుప నిచ్చెన ఉంది. యాభై దగ్గర పడుతున్న మనిషి, వందమంది మగవాళ్ళు చూస్తుండగా, మెట్టు మెట్టూ పట్టుకుని పైకెక్కి, పొగగొట్టం ముందు దూది పెట్టారు. ఆఫీసు వరండాలోంచి యజమాని చూస్తూనే ఉన్నారు. దిగి వచ్చేసరికి ఆవిడ ముఖం మీద మసి, మోచేతి దాకా మసి. దూది సంగతి చెప్పక్కర్లేదు. కుండ అడుగు గీకినట్టుంది.

మా మధ్యలోంచే గేటు దగ్గరికి తిరిగొచ్చి, ఆ దూదిని పలకకి అన్నిటికంటే పైన కొట్టారు. కింద లారీ నంబరు రాసేచోట మిల్లు పేరు రాశారు. సుద్దముక్క జేబురుమాలులో చుట్టి పెట్టుకుని, ఫోర్‌మనుతో, "ఆపెయ్యి" అన్నారు.

అతను యజమాని వైపు చూశాడు.

"అందరికీ ఒకటే రూలు. ఆపెయ్యవయ్యా."

జనరేటరు ఆగింది. లోపల మరలన్నీ ఆగిపోయాయి. అంత పెద్ద ఆవరణలో ఒక్కసారిగా నిశ్శబ్దం. గోడవతల ఆడవాళ్ళు కాళ్ళతో మిరపకాయలు తిరగేస్తున్న గలగల వినిపించింది. ఎన్నో సభలకి వెళ్ళాను, పెద్దపెద్ద ఉపన్యాసాలు విన్నాను. ఏ సభలోనూ ఒళ్ళు అలా జలదరించలేదు. కరెంటు పోయినప్పటి నుంచి నేను ఒక్క ముక్క కూడా రాసుకోలేదని చాలాసేపటికి గాని గమనించలేదు.

ప్రసాద్ గారు వరండా దిగి వచ్చారు. ఉద్యోగం అక్కడితో సరి అనే అనుకున్నాం అందరం. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, పలక మీది దూదిని దగ్గరగా చూశారు. ఆ గోడవతల నుంచే ఆయన రోజూ కారులో అద్దాలెత్తుకుని వచ్చేవారు. "ఎన్నాళ్ళనుంచి ఇట్టా ఉంది?" అని ఫోర్‌మనును అడిగారు. "మెకానిక్కుని పిలిపించు" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయారు. పలక తీయమని మళ్ళీ అనలేదు.

కోటయ్య సర్టిఫికెట్టు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని డ్రైవరును పిలిచాడు. "ఒరేయ్, బండి తిప్పు. గుంటూరు పోయి పంపు విప్పిద్దాం. మిల్లు దూదికంటే ముందు మనది తెల్లగా రావాల." అంతే. ఆయన బండి కదిలితే మిగతావాళ్ళు ఎందుకాగుతారు?

సాయంత్రానికి జల్లు పడింది. లారీలింకా రాలేదు. రత్తమ్మా, కల్లంలో ఆడవాళ్ళూ మిరపకాయల్ని ఒక్క కుప్ప చేసి కప్పి, మిగిలిన పట్టాలు మోసుకొచ్చి బేళ్ళ మీద పరిచారు. ఎవరూ వాళ్ళని అడగలేదు. మసి ముఖంతోనే కామేశ్వరి గారు ఒక పట్టా కొస పట్టుకున్నారు. ఇంకో కొస నేను పట్టుకున్నాను.

ఆ తర్వాత నేను రాసిన వార్తల్లో ఒక ప్రశ్న చేరింది. ఏ ఊరి రోడ్డు ఇసుక లారీలు తొక్కి పాడైందన్నా, ఏ చెరువులో ఎవరు చెత్త పోశారన్నా, పోసినవాడి పేరుతో ఆగలేకపోయేవాణ్ణి. దీనికి కిరాయి ఎవరిచ్చారు? ఆ ప్రశ్న అడిగితే వార్త చాలాసార్లు ఊరి చివర నుంచి ఊరి మధ్యకి వచ్చేది. ఒక్కోసారి నేనుండే వీధికి కూడా వచ్చేది.

కొన్నేళ్ళకి ఆవిడ రిటైరై సింగరాయకొండలో చెల్లెలి ఇంటికి చేరారు. నేను ఒంగోలులో పనిమీద ఉండి, చూసి పోదామని ఒక పాత కారు మాట్లాడుకుని వెళ్ళాను. గేటు తీసి, నన్ను చూసి నవ్వారు. లోపలికి రమ్మనలేదు. కారు వెనక్కి వెళ్ళి చూసి, "ఇంజను స్టార్టు చెయ్యి నాయనా" అన్నారు డ్రైవరుతో. దీపారాధన వత్తుల కోసం ఉంచిన దూది అప్పటికే ఆవిడ చేతిలో ఉంది. కాసేపటికి నల్లబడ్డ ఆ దూదిని నా ముందు పెట్టారు.

"బండి ఎవరిది?"

"కిరాయిదండీ."

"కిరాయి ఎవరిచ్చారు?"

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆవిడ ఆ దూది నా అరచేతిలో పెట్టి, "రా, కాఫీ తాగుదువు గాని. పోయేటప్పుడు బస్సులో పో" అన్నారు. కారు పంపించేశాను.

అద్దంకి దగ్గర లారీ చివరికి కదిలింది. పక్కనున్న పెద్దాయన నంబరు చూసి గుర్తుపెట్టుకుంటున్నాడు, ఎక్కడైనా ఫిర్యాదు చేస్తాడట. నేను మాత్రం కిటికీలోంచి మెడ బయటికి చాచి, ఆ పట్టా కింద ఉన్న లోడు ఎవరిదా అని చూశాను.