ఇసుక సంచి, ముక్కాలిపీట

పోయిన నెల మా మనవడు పట్టుబట్టి నన్ను దర్జీ దగ్గరికి లాక్కుపోయాడు. ఈ వయసులో నాకు ప్యాంటు తొడిగి ఫోటో తీయించాలని వాడి సరదా. దర్జీ టేపు ఒకసారి పెట్టాడు, రెండోసారి పెట్టాడు, మూడోసారి కూడా పెట్టి నా మొహంలోకి చూశాడు. "తాతా, తప్పుగా అనుకోబాక, నీ కుడికాలు ఒక వేలు పొట్టిగా ఉండాది" అన్నాడు, చావు కబురు చల్లగా చెప్పినట్టు. ఆ సంగతి నాకు నలభై ఏళ్ళుగా తెలుసని, దిగులుపడకుండా గుడ్డ కత్తిరించమని చెప్పాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. పుదుచ్చేరిలో ఫ్రెంచి దొరల కాలం. నాయన పోయాక మా ఇంట్లో మగ్గం గుంటలో దిగి నేసేవాణ్ణి నేనొక్కణ్ణే. అమ్మ నూలు కండెలు చుట్టి పెట్టేది. ఒకరోజు నేసిన పంచెలు తెల్లవాళ్ళ వీధుల్లో ఉండే ఒక షావుకారుకి అప్పజెబితే, ఆయన నేత చూసి ముచ్చటపడి తన పుస్‌పుస్ బండిలో ఇంటికి పొమ్మన్నాడు. ఆ బండి చూడనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. దానికి ఎద్దూ ఉండదు, గుర్రమూ ఉండదు. వెనకనుంచి మనిషి తోస్తాడు. ముందు కూర్చున్న పెద్దమనిషి ఒక కడ్డీ పట్టుకుని తానే దారి తిప్పుకోవాలి. నాకు పెద్దమనిషిలా కూర్చోవడం వెంటనే వచ్చింది గాని తిప్పడం రాలేదు. ఊరి మధ్య కాలువ దగ్గర తెలిసినవాడొకడు ఎదురైతే, నా వైభవం వాడి కంట పడాలని కడ్డీ వదిలి చెయ్యెత్తాను. బండీ నేనూ కలిసి కాలువలో పడ్డాం. తోసే మనిషి గట్టు మీదే నిలబడిపోయాడు. నా కుడి తొడ ఎముక విరిగింది.

ఆసుపత్రిలో మంచం కాళ్ళవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు. నా కాలికి రెండు పక్కలా పట్టీలు అంటించి, వాటికి తాడు కట్టి, ఆ తాడును మంచం చివర గిలక మీదుగా దించి, కొసన ఇసుక సంచి వేలాడదీశారు. ఆ బరువు ఆరు వారాలు రాత్రీ పగలూ లాగుతూనే ఉండాలట. వదిలితే విరిగిన ముక్కలు ఒకదానిమీదొకటి ఎక్కి కాలు పొట్టైపోతుందట. డాక్టరు దొర చెప్పిన ఈ మాటల్ని వార్డు మనిషి నాకూ అమ్మకూ తమిళంలో చెప్పాడు. మగ్గం కింద రెండు తొక్కుడు పలకలుంటాయి. ఒక కాలు అందని నేతగాడు ఇంట్లో కూర్చుని తినాల్సిందే. చచ్చినా కదలనని పళ్ళు బిగించి పడుకున్నాను. ముక్కుమీద ఈగ వాలినా ఊదుకున్నానే గాని ఒళ్ళు కదిలించలేదు.

మొదటి వారం దొర టేపుతో కొలిచి తలూపాడు. రెండో వారం రెండుసార్లు కొలిచాడు. మూడో వారం కాలు రెండు వేళ్ళు పొట్టి! నేనే కదులుతున్నానని కోప్పడి, సంచిలో ఇంకాస్త ఇసుక పోయించాడు. నా బతుకు అయిపోయిందనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం తొడలో మెలిపెట్టినట్టు నొప్పి లేచి కళ్ళు తెరిచాను. సంచి గాల్లో లేదు. దాని కింద ముక్కాలిపీట ఉంది. పక్కన అమ్మ విసనకర్రతో నాకు విసురుతోంది.

"ఏందిమా ఇది?" అన్నాను.

"నువ్వు నిద్ర పోయినప్పుడన్నా ఆ బరువు తప్పిద్దామని, నాయనా. దినమూ రోంతసేపే. కన్నబిడ్డ కాలికి మూట కట్టి యాలాడదీస్తే యా తల్లి చూస్తాది?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "నువ్వు ఈడికి రాకుండా ఉంటే నా కాలు బాగయ్యుండేది!" అని అరిచాను. వార్డంతా ఇటు తిరిగింది. అమ్మ పీట లాగేసింది. కాసేపటికి నాకే మనసు ఆగక మెల్లగా అడిగాను: "పడుగు వదులైతే గుడ్డ వస్తాదామ్మా? ఇదీ అంతే." నేతగాడి పెళ్ళానికి అంతకంటే చెప్పాల్సిందేముంది?

మర్నాటి నుంచి అమ్మ ఆ పీటమీద తానే కూర్చుంది. ఇంకెవరూ దాన్ని సంచి కిందికి తోయకూడదని. నన్ను చూడడానికి వచ్చిన చిన్నమ్మ "పావం, బిడ్డ" అంటూ సంచికి చెయ్యి పెట్టిందో లేదో, "ముట్టుకున్నావంటే నీ చెయ్యి ఇరగ్గొడతా, పక్క మంచం ఖాళీగానే ఉండాది" అని అమ్మ లేచింది. చిన్నమ్మ మళ్ళీ ఆ వార్డులో కనపడలేదు.

పోయిన రెండు వేళ్ళలో ఒకటి తిరిగొచ్చింది. ఒకటి రాలేదు. ఆరు వారాలన్నది తొమ్మిదైంది. తొడ ఎండి పుల్లైపోయింది. చంక కర్రలతో వసారాలో మొదటిరోజు నాలుగడుగులు వేసి కళ్ళు తిరిగి పడ్డాను. మర్నాడు ఆరు వేశాను. అమ్మ నా ముందు వెనక్కి నడుస్తూ "ఇంకొకటి, రా" అనేది. ఇంటికొచ్చి గుంటలో దిగితే కుడికాలు పలకకు ఒక వేలు ఎత్తులో ఆగిపోయింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వంగి పలక తాడు కురచ చేసి, పలకను కాలి దగ్గరికి లాగి కట్టాను. నెల తిరిగేసరికి నా నేత మునుపటిలాగే నడిచింది.

ఆ తర్వాత అమ్మ ముప్పై ఏళ్ళు బతికింది. నేను గుంటలో దిగే ప్రతి పొద్దునా, కండెల బుట్ట పక్కన పెట్టి, "కాలు అందతా ఉందా నాయనా?" అని అడిగేది. "అందతా ఉందమ్మా" అనేవాణ్ణి. దాని వెనకే ఇంకొక్క మాట చెప్పాల్సింది, ఆ రోజు వార్డులో అన్నది తప్పని. రేపు చెబుదాంలే అనుకుని పలక తొక్కేవాణ్ణి. ముప్పై ఏళ్ళ పొద్దులు నాకు దొరికాయి, ఒక్కదాంట్లోనూ ఆ మాటకు తీరిక చేసుకోలేదు.