కంప్యూటర్ మా అమ్మాయిని అబ్బాయిని చేసింది

రేపటి నుంచి మా అమ్మాయికి బోర్డు పరీక్షలు. హాల్‌టికెట్ ఈ ఉదయమే చేతికొచ్చింది. పిల్లకు మా అమ్మ పేరే పెట్టుకున్నాం, వెంకట సత్యనారాయణమ్మ అని. కొత్తగా వచ్చిన కంప్యూటర్‌లో పేరుకు గళ్లు చాలక చివరి ‘మ్మ’ ఎగిరిపోయింది. మిగిలింది వెంకట సత్యనారాయణ. అందుకని మగపిల్లల బడిలో సీటు వేశారు.

వర్క్‌షాప్‌కు సెలవు పెట్టి, పిల్లను సైకిలెక్కించుకుని పరీక్షల ఆఫీసుకు పరుగెత్తాను.

“దాదా, మా అమ్మాయి మీ ఎదరే నిలబడ్డాది గదా, ఓపాలి సూడండి” అన్నాను గుమస్తాతో. ఈ ఊళ్లో అన్నా అనడానికి అందరం దాదా అనే అంటాం.

గుమస్తా తల ఎత్తలేదు. “కంప్యూటర్‌లో లడ్కా అనే ఉంది దాదా. దిద్దడం మా చేతుల్లో లేదు” అన్నాడు.

రెండు జడల పిల్ల ఎదురుగా నిలబడి ఉంటే ఆయన కాగితాన్నే నమ్మాడు. అక్కణ్నుంచి ఆ మగపిల్లల బడికే వెళ్తే, చివరికి హెడ్మాస్టరుగారే జాలిపడి, పరీక్షకు కూర్చోనిస్తానన్నారు.

దారిలో అమ్మాయి అడిగింది. “అంతమంది మగోళ్ల మధ్యన ఒక్కదాన్నే కూకోవాలా నాన్నా? మరేటీ దారి నేదా?”



ఇలాంటిది దిద్దించుకున్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. పరీక్షలు నాలుగు రోజుల్లో అయిపోతాయి, సర్టిఫికెట్ మీద మాత్రం నా కూతురు జీవితాంతం అబ్బాయే.